నాలుగో కాపీ

చిత్తూరు కోర్టు గోడ పక్కన, రేకు కింద,
ముప్పై ఎనిమిదేళ్లుగా నేనూ నా మిషనూ.
పగలంతా గట్టు తగాదాలు, మనోవర్తులు, చెల్లని చెక్కులు,
సదరు వాది, సదరు ప్రతివాది.
అయిదు దాటినాక మొగిలప్ప వచ్చేవాడు.
చంకలో సంచి,
సంచిలో బెల్లం మండీ చిట్టాల వెనకవైపు
పెన్సిలుతో రాసిన నాటకం.

మండీలో గుమాస్తా ఆయన.
దిమ్మెలతో బాటు
బేరమాడే మనుషుల మాటల్ని కూడా తూచేవాడేమో,
ఒక్క ముక్క ఎక్కువ పడితే
"తీసెయ్ ఎస్తేరూ, తరుగు" అనేవాడు.

నా మిషన్లో ఒక అక్షరం పడదు.
"ఏదది?"
"పాఠంలో ఉండేది సార్."
"మంచిదే. నా నాటకాల్లో ఎవురూ ఎవురికీ అది చెప్పరులే."
చెప్పలేదు కూడా.

మూడు కార్బన్లు పెట్టి, నాలుగు కాపీలు.
ఒకటి పరిషత్తుకి, ఒకటి ఆడేవాళ్లకి,
ఒకటి తెర వెనక అందించేవాడికి.
నాలుగోది, పొగమంచులో మనిషి మాదిరి ఉండేది,
ఎవురికీ పనికిరాదు. నేను పెట్టుకున్న్యా.

ఒకపొద్దు మండీ తాళాలు ఓనరు చేతిలో పెట్టేసి
కాట్పాడిలో రైలెక్కి మద్రాసు పొయ్యినాడు.
పెద్ద రచయిత ఇంటి వరండాలో
ఆరుగురు వరసగా కూర్చోని రాసేవాళ్లంట.
సీనుకింత అని డబ్బు. రెండు పూటలా భోజనం.
కార్డు రాసినాడు:
"ఎస్తేరూ, ఇక్కడ అందరమూ కార్బన్ కాగితాలమే."

ఆ సినిమా మన ఊరికొచ్చింది.
మా అక్కకూతుర్ని తోడు పెట్టుకోని పొయినా.
తెర మీద ఒక ముసలితల్లి
"తూకం రాయి అబద్ధం చెప్పదు నాయనా,
పెట్టే చెయ్యి చెప్తాది" అనింది.
హాలంతా ఈలలు.
రెండో అంకం, పదమూడో పేజీ.
నా వేళ్లు ఎనిమిదేళ్ల ముందే కొట్టిన మాట అది.
పేర్లు చూద్దామని ఇంకో ఆటకి కూడా కూర్చున్న్యా.
లైట్లు మోసినోళ్ల పేర్లుండాయి,
విగ్గులిచ్చిన అంగడి పేరుండాది.
"ఏం పిన్నీ, ఎవుర్ని వెతుకుతాండావు?" అనింది పిల్ల.
ఏం చెప్పేది.

పదకొండేళ్లకి తిరిగొచ్చినాడు.
చక్కెర జబ్బు. మళ్లా అదే బెల్లం మండీ.
"దేవుడికీ తెలుసు సీను రాసేది" అని నవ్వేవాడు.
ఎండాకాలం ధర్మరాజుల గుడికాడ భారతం ఆడేవాళ్లకి
ఊరకనే మాటలు సరిచేసిచ్చేవాడు.
కడాపటి రోజు పొద్దున
మట్టి దుర్యోధనుడు మైదానమంతా పండుకోనుంటే
ఆ తలకాయ పక్కన గొడుగు పట్టుకోని నిలబడి
"పాపం, ఈయనకి ఇంకొక్క మాట ఇచ్చుండాల్సింది" అన్నాడు.
ఏ మాట సార్ అని అడిగితే
ఇంకా కుదర్లేదన్నాడు.
ఆ యేడు మామిడికాయలు దిగకముందే పొయినాడు.

ఈపొద్దు వల్లియమ్మ వచ్చింది,
కళాకారుల పింఛను కాగితం పట్టుకోని.
రాసింది ఆయనేనని రుజువు కావాలంట ఆఫీసులో.
పరిషత్తు మూతబడింది. ఆ వరండా పడగొట్టేసినారంట.
నా ట్రంకు పెట్టెలో నాలుగో కాపీలుండాయి,
సిరా ఎగిరిపొయింది,
వెనక్కి తిప్పి తడిమితే
అక్షరాలు పొక్కిన చోట్లు మాత్రం వేళ్లకి తెలస్తాయి.
గుమాస్తా పరంగా చూసి, తెల్ల కాగితాలు కదమ్మా అన్నాడంట.

కాబట్టి నేనే కూర్చున్న్యా.
"చిత్తూరు, చర్చి వీధి కాపురస్తురాలు ఎస్తేరు అను నేను
దైవసాక్షిగా తెలియజేయునదేమనగా,
సదరు మొగిలప్ప గారి పద్నాలుగు నాటకములు
నాకు"
అక్కడ మిషను ఆగింది.
ఆ మాటకి ఆ అక్షరం కావాల.
జాగా వదిలిపెట్టి, కాగితం బయటికి లాగి,
పెన్నుతో సున్న చుట్టి, నడిమధ్యన చుక్క పెట్టినా:
కంఠస్థము.

"చదువు ఒకసారి" అనింది వల్లియమ్మ.
అఫిడవిట్టు పక్కన పెట్టేసి
మొదటి అంకం నుంచి మొదలుపెట్టినా.